రెండో నంబరు

నా ఫోనులో చార్జింగ్ ఎనభై దాటనివ్వను, ముప్పై కిందికి దిగనివ్వను. ఇంట్లో నన్ను చూసి నవ్వుకుంటారు. చార్జర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, డెబ్భై తొమ్మిది కనబడగానే లేచి నిలబడే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మొన్న అద్దం పగిలిందని రిపేరు షాపుకు తీసుకుపోతే, ఆయన విప్పి చూసి, ఏడాదిగా వాడుతున్న ఫోనుకు ఇంత మంచి బ్యాటరీ తాను చూడలేదని, ఎట్లా కాపాడుకున్నారని అడిగాడు. ఏదో గొణిగి వచ్చేశాను. ఈ అలవాటు నాది కాదు. చనిపోయిన ఒక మనిషిది. ఆయనే ఉంటే ఆ షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చుని గంటసేపు జవాబు చెప్పి ఉండేవాడు.

మా అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. తిరుపతిలోనే ఒక ఆసుపత్రిలో వారానికి మూడు మధ్యాహ్నాలు, పూటకు నాలుగు గంటలు డయాలసిస్. ఆమె గుండె బలహీనం కాబట్టి కిడ్నీ మార్చే ఆశ లేదని డాక్టర్లు మొదట్లోనే చెప్పేశారు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఆ మూడు రోజులూ భోజనాల గంట కొట్టగానే బయటపడి, అక్కను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయేవాణ్ణి. ఆమె పక్క మంచం, కిటికీ దగ్గరిది, ఆయనది.

మొదటిరోజు నేను చూసింది మనిషిని కాదు, ఆయన చేసే పనిని. చేతికి సూదులు గుచ్చేలోపల రెండో చేత్తో ఫోను బయటికి తీశాడు. వెనకాల రబ్బరు కవరు చంటిబిడ్డకు చొక్కా విప్పినట్టు మెల్లగా ఊడదీశాడు. స్టీలు టిఫిన్ డబ్బా మూత బోర్లించి దాని మీద ఫోను పెట్టాడు. చార్జర్ తగిలించాక, కిటికీలోంచి ఎండ పడుతోందని తన తువ్వాలు తీసి ఫోనుకు అడ్డం కట్టాడు. తన మొహం మీద మాత్రం ఎండ పడుతూనే ఉంది. "ఏందన్నా, ఫోనుకా సేవ?" అన్నాను. "దీనికి ఎండ పడదు అయివోరా" అన్నాడు. నేను బడిపంతులునని అప్పటికే మా అక్కను అడిగి తెలుసుకున్నాడు. ఆ రోజు నుంచి నాకు అదే పిలుపు.

వార్డులో అందరూ ఆయన్ను బ్యాటరీ అన్న అనేవాళ్ళు. అసలు పేరు కేస్‌షీటు మీద ఉండేది. నేనిక్కడ రాయను. వాళ్ళావిడ ఇట్లాంటివి చదివే మనిషి కాదు, అయినా రాయను. ఎందుకో చివరికి తెలుస్తుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన ఇరవై ఆరేళ్ళు బస్సు డిపోలో బ్యాటరీల సెక్షనులో పనిచేశాడు. రాత్రి తిరిగొచ్చిన బస్సుల బ్యాటరీలు దించి, నీళ్ళు పోసి, చార్జింగుకు పెట్టి, తెల్లారి మళ్ళీ ఎక్కించడం ఆయన పని. యాసిడ్ చుక్కలు పడి చేతుల మీద అక్కడక్కడా తెల్లమచ్చలు. ఆ చేతికే ఇప్పుడు సూదులు. కిడ్నీలు పోయాక ముందుగానే రిటైర్మెంటు తీసుకుని, ఐరాల దగ్గరి సొంతూరు వదిలి, ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. అంత దగ్గరికి రావడానికీ, ఆ ఫోను సేవకూ కారణం ఒకటే. చనిపోయినవాళ్ళు ఇచ్చే కిడ్నీ కోసం ఆయన పేరు రాయించుకుని ఉన్నాడు.

ఆ జాబితా సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. ఎక్కడో ఎవరికో మెదడు ఆగిపోయి, వాళ్ళ మనుషులు ఒప్పుకుంటే, వరసలో ఉన్న రోగికి ఆసుపత్రి నుంచి ఫోను వస్తుంది. ఎత్తి, వెంటనే బయల్దేరాలి. ఎత్తకపోతే రాయించిన రెండో నంబరుకు చేస్తారు. అదీ కలవకపోతే కాసేపు చూసి తర్వాతి పేరుకు పోతారు. వాళ్ళ తప్పేమీ లేదు, కిడ్నీ ఆగదు. ఆయన ఆ ఒక్క ఫోను కోసం మూడేళ్ళు ఎదురుచూశాడు.

మొదటి ఏడాదే తన డిపో చదువంతా తలకిందులైందని ఆయనే చెప్పేవాడు. వార్డులోకి కొత్త రోగి ఎవరొచ్చినా ఈ కథ వినాల్సిందే. "బస్సు బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండల్ల. ఆకలిగా నిలబెడితే లోపల ప్లేట్లకు తెల్లగా పూత పట్టేస్తాది. ఇరవై ఆరేండ్లు అదే నేర్చుకున్నా. ఈ ఫోన్నీ అట్లనే రాత్రింబగళ్ళు సార్జింగులోనే పెట్టినా. ఏడాదికల్లా పూరీ మాదిరి ఉబ్బింది" అని, తన పాత అజ్ఞానానికి తనే నవ్వేవాడు. రిపేరు షాపాయన చీవాట్లు పెట్టి అసలు సంగతి చెప్పాడట. ఈ జాతి బ్యాటరీకి నిండు కడుపూ పనికిరాదు, మాడే కడుపూ పనికిరాదు. ముప్పైకీ ఎనభైకీ నడుమ తిప్పుకోవాలి, కొంచెం కొంచెంగా పెట్టుకోవాలి, వేడి తగలనివ్వకూడదు. అది విన్న రోజు నుంచి ఆయన నూరు చూడలేదు. వార్డులో ప్లగ్గులు తక్కువ. ఎనభై కాగానే తనది పీకి, "ఇంగ మీరు పెట్టుకోండమ్మా" అని అవతలి మంచానికి ఇచ్చేసేవాడు.

తన ఒంటి విషయంలోనూ అదే పద్ధతి. డయాలసిస్ వాళ్ళు నీళ్ళు కొలుచుకుని తాగాలి. ఆయన దగ్గర పిల్లలకు పాలు పట్టే పాటి చిన్న స్టీలు గ్లాసు ఉండేది. రోజుకు ఐదు గ్లాసులు, ఆరోది లేదు. మే నెల తిరుపతి ఎండలో నాలుక పిడచగట్టుకుపోతున్నా లేదు. "బ్యాటరీ అన్న కూడా చార్జింగుకు వచ్చేసినాడు" అని ఒక నర్సమ్మ రోజూ ఎగతాళి చేసేది. దానికి మాత్రం ఆయన నవ్వేవాడు కాదు. "సార్జింగు గాదులేమ్మా ఇది. కడగడం. దుమ్ము తుడస్తారు, బలం యాడ ఇస్తారు" అనేవాడు.

ఆసుపత్రి నంబరుకు ఆయన విడిగా ఒక మోత పెట్టుకున్నాడు. బస్సు హారన్. డిపోలో తానే వెళ్ళి రికార్డు చేసుకొచ్చాడు. నిద్రలో ఉన్నా, మూర్ఛలో ఉన్నా ఆ హారన్‌కు మాత్రం లేస్తానని ఆయన ధీమా. నాకు ఒకసారి వినిపించాడు, సౌండు పెంచి, గర్వంగా. అప్పటిదాకా అది తనంతట తాను ఒక్కసారీ మోగలేదు.

రెండో నంబరు మొదట వాళ్ళావిడది. ఆమె దగ్గర బటన్ల ఫోను ఉండేది. నెలలో సగం రోజులు ఊళ్ళో ఆవుల దగ్గరే, కొట్టంలో సిగ్నల్ ఉండదు. ఈయన పరీక్షగా మూడుసార్లు చేస్తే మూడుసార్లూ కలవలేదట. ఆ తర్వాతి మధ్యాహ్నమే నన్ను అడిగాడు. నువ్వు టౌన్లో ఉంటావు, చదువుకున్నవాడివి, ఫోను చేతిలోనే ఉంటుంది, నీ నంబరు రాయించుకుంటానన్నాడు. నాకు గొప్పగా అనిపించింది. రాయించుకోమన్నాను. నా ఫోను తీసుకుని ఆసుపత్రి నంబరు ఎక్కించి, దానికి ఆ హారన్ మోత కూడా పెట్టి ఇచ్చాడు.

అక్కడి నుంచి పరీక్షలు నాకు మొదలయ్యాయి. ఎప్పుడు పడితే అప్పుడు ఫోను చేసేవాడు. ఎత్తితే, "ఏం లే, సూస్తా ఉండా" అని పెట్టేసేవాడు. బడిలో పాఠం మధ్యలో ఒకసారి, అన్నం ముందు ఒకసారి, స్నానంలో ఉండగా ఒకసారి. రెండు నెలలు ఓర్చుకున్నాను. ఒకనాడు హెడ్మాస్టరు ముందు మోగేసరికి, బయటికొచ్చి కసురుకున్నాను. "ఎంతసేపూ ఈ పరీక్షలేందన్నా, నాకు వేరే పని లేదా?" అన్నాను. "తప్పే అయివోరా, ఇంగ సెయ్యను" అన్నాడు. మళ్ళీ చేయలేదు.

నా ఫోను సంగతి ఆయనకు బాగా తెలుసు. నాలుగేళ్ళ నాటిది. రాత్రంతా దిండు కింద చార్జింగులో ఉండేది, పగలంతా స్కూటరు డిక్కీలో ఉడికేది. ఒకనాడు దాన్ని చేతిలో తిప్పి చూసి, "ముసిల్దయిపోయింది. అంకె సెప్తాది గానీ నమ్మాకు. కెమెరా పెడితే సాలు, నలభైలోనే కన్ను మూస్తాది" అన్నాడు. నేను నవ్వాను. అట్లా రెండుసార్లు ఆగిపోయిన మాట నిజమే, కానీ తగిలిస్తే మళ్ళీ వెలిగేది. పనికొచ్చే వస్తువును ఎందుకు మార్చడమని ఊరుకున్నాను. బద్ధకానికి నేను పెట్టుకున్న పేరు పొదుపు.

ఆయన మంచం మీద నుంచి కొండ కనబడేది. రోజూ చూసేవాడు, వెళ్ళేవాడు కాదు. భర్త పేరు జాబితాలో ఎక్కినప్పుడే వాళ్ళావిడ తలనీలాలు మొక్కుకుంది. ఇద్దరూ కలిసే పోవాలని ఆమె పట్టు. ఆయన మూడేళ్ళు వాయిదా వేశాడు. మొక్కు మీద నమ్మకం లేక కాదు. దర్శనానికి పోయేవాళ్ళు ఫోన్లు కౌంటర్లో ఇచ్చి చీటీ తీసుకోవాలి. పెట్టెలో ఉన్న ఫోను మోగితే వినేదెవరు? ఆయన భయమంతా అదే. ఎన్నాళ్ళు ఆపుతావన్నా అని మా అక్క పోరింది. "నా తమ్ముడి ఫోను ఉండాది గదన్నా, పోయిరాండి" అంది. నేనూ వంతపాడాను. రోగులకు వేరే వరస ఉంది, మూడు గంటల పని, మూడు గంటలు నేను చూసుకోలేనా అన్నాను. ఆ మాట అన్నది నేనే. దాన్ని ఇప్పుడు ఎట్లా తిప్పి చూసినా ఇంకొకరి నోట్లో పెట్టలేను.

డయాలసిస్ లేని రోజు చూసుకుని పొద్దున్నే కొండకు పోయారు. పది గంటలకు ఫోను చేశాడు.

"అయివోరా, ఇచ్చేస్తా ఉండా ఫోను. నీదెంత ఉండాది?"

"నలభై ఒకటి అన్నా."

"బిన్నా సార్జింగ్ పెట్టుకో, లేటు సెయ్యాకు."

"పెడతాన్లే."

పెట్టలేదు. ఆ రోజు బడిలో సైన్సు ప్రదర్శన. పిల్లలు అట్టలతో చేసిన బొమ్మలను వీడియో తీయమని హెడ్మాస్టరు నాకు చెప్పాడు. చార్జర్ స్టాఫ్‌రూములో నా సంచిలోనే ఉంది. ముప్పై అడుగులు నడవాలి. నలభై ఒకటంటే మధ్యాహ్నం దాకా చాలులే అని లెక్క వేసుకున్నాను. శ్రీహరికోట రాకెట్ బొమ్మ దగ్గర ఒక పాప వివరిస్తుంటే తీశాను, తర్వాత ఫోను జేబులో వేసుకున్నాను. అదెప్పుడు ఆగిపోయిందో నాకు తెలియదు. భోజనాల వేళ టైము చూద్దామని తీస్తే నల్లగా ఉంది. తగిలించాను. వెలిగింది. ఒకదాని వెనక ఒకటి మెసేజులు వచ్చాయి, ఈ నంబరు మీకోసం ప్రయత్నించిందని. అయిదుసార్లు. నంబరు ఒకటే, ఆసుపత్రిది.

నేను చేసేసరికి అవతల ఆవిడ మర్యాదగానే చెప్పింది. పేషెంటు నంబరు మోగుతోంది కానీ ఎత్తలేదు, మీది స్విచాఫ్ వచ్చింది, పదకొండున్నర దాకా చూశాం, తర్వాతి పేషెంటు వచ్చేశారు, టెస్టులు జరుగుతున్నాయి అంది. ఆయన కొండ మీద ఉన్నాడు, రెండు గంటల్లో తెస్తానన్నాను. సారీ సార్ అంది. నేను స్టాఫ్‌రూములో బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ ఎవరో పులిహోర పంచుతున్నారు, నా చేతిలోనూ పెట్టారు.

ఒంటిగంట దాటాక ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వెనకాల జనం మాటలు వినబడుతున్నాయి.

"నీ ఫోను కలవలేదంట."

"ఆగిపోయిందన్నా."

కౌంటర్లో ఎవరో చీటీ నంబర్లు అరుస్తున్నారు.

"నలభై ఒకటి అన్నావే."

"ఔనన్నా."

తర్వాత గొంతు తగ్గించి, "సరేలే. మా ఆడమనిషికి సెప్పొద్దు. గుండు కొట్టించుకుని సంతోషంగా ఉండాది" అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం డయాలసిస్‌కు బోడిగుండుతో వచ్చాడు. వార్డంతా లడ్డూ పంచాడు, తాను తినలేదు, తినకూడదు. నా చేతిలో అందరికంటే పెద్ద ముక్క పెట్టాడు. దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. తర్వాత నా ఫోను అడిగి తీసుకుని, కవరు విప్పి, వెనక వైపు వేలితో తట్టి చూపించాడు. ఉబ్బి ఉంది. "దీన్ని వాడగూడదు, మార్చు" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి. ఆ సాయంత్రమే కొత్త ఫోను కొన్నాను, ఆ హారన్ మోత ఎక్కించుకున్నాను, ముప్పైకీ ఎనభైకీ నడుమ నా జీవితం మొదలైంది.

ఒక కిడ్నీకి ఇద్దరు ముగ్గుర్ని పిలుస్తారట, రక్తం కలవకపోతే వెనక్కి పంపిస్తారట, అది ఆయనకే వచ్చేదని ఏముంది అని మా అక్క నన్ను ఓదార్చింది. నిజమే కావచ్చు. కానీ ఆయన్ను చూడకుండానే పక్కకు పెట్టేశారు, అది నా జేబులో జరిగింది. రెండో నంబరు మార్పించుకోమని నేనే బతిమాలాను. ఆయన మా అక్క వైపు తిరిగి, "అయివోరు ఫోను ఇంక ఆరిపోదులేమ్మా" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. నాకు తెలుసు, ఆయనకు ఎత్తిపొడవడం రాదు.

ఆ తర్వాత ఆయనలో ఏదో సడలింది. ఒక్కరోజులో కాదు. మొదట ఫోనుకు తువ్వాలు అడ్డం కట్టడం మానేశాడు. కవరు విప్పడం మానేశాడు. చిన్న స్టీలు గ్లాసు కనబడలేదు, నీళ్ళసీసా ఎత్తి తాగుతుంటే నర్సమ్మ కేకలేసింది. వచ్చినప్పుడల్లా బరువు పెరిగి వచ్చేవాడు, కాళ్ళు ఉబ్బి చెప్పుల్లో పట్టేవి కావు. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఫోను ఎండలో, చార్జరుకు తగిలించి ఉంది. చూస్తే నూరు. ఎంతసేపటి నుంచి అట్లా ఉందో, ముట్టుకుంటే కాలుతోంది. నేను గబగబా పీకబోయాను.

"ఉండనీ అయివోరా" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

నేను పీకేశాను. ఆయన కళ్ళు తెరిచి చూసి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ మనిషి ఆ రోజే పోయాడని నా లెక్క. మిగిలిన నాలుగు నెలలూ ఒళ్ళు వచ్చి పోయింది.

మామిడికాయల కాలంలో ఊరికి వెళ్ళాడు. ఆయనకు అక్కడ పది బేనీషా మామిడిచెట్లున్నాయి. కిడ్నీలు లేనివాళ్ళకు మామిడిపండు విషం, గుండె ఆగిపోతుంది. ఆ సంగతి వార్డులో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పేది ఆయనే. "అడిగినాడు, కోసిచ్చినా సామీ, రెండు తిన్నాడు, ఎన్నేండ్లాయనో తిని అన్నాడు" అని, పోయాడని కబురు తెలిసి నేను ఆ ఊరికి వెళ్ళినప్పుడు వాళ్ళావిడ చెప్పింది. ఆమె తల మీద వెంట్రుకలు అప్పటికి పొట్టిగా పెరిగాయి. తాను కోసి ఇచ్చినందువల్లే పోయాడని ఆమె గుండెలు బాదుకుంటోంది. నీ తప్పు కాదమ్మా అన్నాను. అసలు సంగతి చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చెప్పలేదు. ఆయన వద్దన్నాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

బయల్దేరేటప్పుడు ఆమె ఒక పని అప్పజెప్పింది. ఆయన ఫోనుకు చార్జింగు పెట్టేవాళ్ళెవరూ లేరు, ఆసుపత్రిలో చెప్పి జాబితాలోంచి పేరు తీయించమంది. "మీరే గదా సామీ ఆయన్ను కనిపెట్టుకోని ఉన్నింది" అంది. రేపే చెబుతానన్నాను. ఆ నంబరుకు చేస్తే అదే ఆవిడ ఎత్తుతుంది, పేరు చెబితే గుర్తుపడుతుంది. రేపు, ఎల్లుండి, వచ్చేవారం అనుకుంటూ వచ్చాను. అక్కను దింపడానికి వారానికి మూడుసార్లు ఆ ఆసుపత్రికే పోతున్నాను. ఆ ఆఫీసు పై అంతస్తులోనే ఉంది, కింది వార్డు కబుర్లు వాళ్ళకు చేరవు.

మొన్న శుక్రవారం, రెండో పీరియడు. పద్యం బోర్డు మీద రాస్తుంటే జేబులో బస్సు హారన్ మోగింది. క్లాసంతా గొల్లున నవ్వింది. నేను మొదటి మోతకే ఎత్తాను. అదే గొంతు. పేషెంటు నంబరు స్విచాఫ్ వస్తోంది, నాలుగు నిమిషాలుగా చేస్తున్నాం, కిడ్నీ ఉంది, ఎంతసేపట్లో తీసుకురాగలరు అని అడిగింది.

"ఆయన పోయినారమ్మా" అన్నాను.

"ఎప్పుడు సార్?"

చెప్పాను.

"ముందే చెప్పి ఉండాల్సింది సార్. తర్వాతివాళ్ళకు చేయాలి" అంది. కోపం కూడా లేదు, టైము లేదంతే. పెట్టేసింది.

ఆ తర్వాతి పేరు ఎవరిదో నాకు తెలియదు. ఆ మనిషి ఫోను పక్కన పెట్టుకుని ఎన్నేళ్ళుగా కూర్చున్నాడో తెలియదు. ఆ మనిషివి నాలుగు నిమిషాలు నేను తిన్నాను. ఫోనులో అరవై నాలుగు ఉంది. జేబులో పెట్టుకుని సుద్దముక్క తీసుకున్నాను. పిల్లలు ఆ హారన్ ఇంకోసారి వినిపించమని అడిగారు.